బీరా, బ్రాందీయా, కల్లా? పొట్ట తగ్గాలనుకునేవాడి లెక్క

శ్రీకాకుళం 80 అడుగుల రోడ్డులో పొద్దున్నే నడిచే మా బ్యాచ్‌లో ఆరుగురం. అందరం నలభై దాటినవాళ్లమే. పొట్టలు ముందు నడుస్తాయి, వెనక మేం నడుస్తాం. సోమవారం నుంచి శనివారం దాకా ఎండనకా వాననకా నడక, ఆదివారం సాయంత్రం మందు సిట్టింగ్, సోమవారం పొద్దున్న ఎవరో ఒకరు వెయింగ్ మెషీన్‌ని తిట్టడం. మొన్న ఆ వంతు మా బావది.

"ఏటి బావా, ఆర్నెల్లు నడిసినా రెండు కేజీలు దిగలేదు. మానీమని మాత్రం సెప్పకు. బీరా, బ్రాందీయా, కల్లా, ఏది తాగితే ఒల్లు తగ్గుతాదో అది సెప్పు."

తాగితే ఒళ్లు తగ్గే సరుకు ఇంతవరకూ ఎవరూ కాచలేదు. ఏది ఎంత పెంచుతుందో మాత్రం లెక్కేసి చెప్పొచ్చు. నేను డాక్టర్ని కాదు. రెండేళ్ల కిందట స్కానింగ్‌లో గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్, అంటే లివర్‌కి కొవ్వు పట్టడంలో తొలి మెట్టు, అని వచ్చాక గ్లాసూ పళ్లెమూ రెండూ కొలుచుకోవడం నేర్చుకున్నవాణ్ని. అప్పుడు 86 కిలోలు, ఇప్పుడు 78. ఆ మధ్యలో నేర్చుకున్నదే ఇది.

సీసాలో ఏముంది

గ్రాము అన్నంలోని పిండిపదార్థానికి 4 కేలరీలు, గ్రాము నూనెకి 9. ఆల్కహాల్‌కి 7. అంటే అది అన్నం కంటే నూనెకే దగ్గరి చుట్టం. కాకపోతే నూనె కంటికి కనపడుతుంది, ఇది నీళ్లలా ఉంటుంది.

ముందు బ్రాందీ, విస్కీ, రమ్, వోడ్కా, జిన్. వీటి మధ్య పోటీ పెట్టడం వృథా. మన దగ్గర అమ్మే సీసా ఏది తిప్పి చూసినా మామూలుగా 42.8 శాతం అనే ఉంటుంది. 60 ఎం.ఎల్. లార్జ్‌లో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్, 140 కేలరీలు. 180 ఎం.ఎల్. క్వార్టర్‌లో 60 గ్రాములు, దాదాపు 425 కేలరీలు. వోడ్కా తెల్లగా ఉంది కాబట్టి కొవ్వు పట్టదనీ, రమ్ తియ్యగా ఉంది కాబట్టి పడుతుందనీ చెప్పేవాళ్లని నమ్మకండి. 99 రూపాయల క్వార్టర్‌కీ, దానికి పదింతలు పెట్టి కొన్నదానికీ కేలరీల్లో తేడా లేదు. తేడా అంతా అందులో ఏం కలుపుతామనే దగ్గరే. సోడాకి, నీళ్లకి సున్నా. 250 ఎం.ఎల్. కోలా కలిపితే ఇంకో 105 కేలరీలు. అంటే ముప్పావు లార్జ్ ఉచితంగా తాగినట్టు, మత్తు కూడా రాకుండా.

తర్వాత బీరు. "బీరు చలవ, బ్రాందీ వేడి" అని మా బావ నమ్మకం. ఎండాకాలం ఆమదాలవలస స్టేషన్లో దిగి ఇంటికొచ్చినవాడికి చల్లటి బీరు చలవగానే ఉంటుంది, అది ఫ్రిజ్ మహిమ. 650 ఎం.ఎల్. లైట్ బీరులో ఆల్కహాల్ 5 శాతం అనుకుంటే, దానివల్ల 180 కేలరీలు, బార్లీ నుంచి మిగిలిన పిండి పదార్థం వల్ల ఇంకో 80, 90. మొత్తం 270 దాకా. స్ట్రాంగ్ బీరైతే 350 చుట్టుపక్కల. ఒక స్ట్రాంగ్ బీరంటే రెండున్నర లార్జ్‌లన్నమాట. "నేను మందు తాగను, ఒక్క బీరే" అనేవాడు నిజానికి మూడు పెగ్గుల దగ్గరికి వెళ్లి వచ్చినవాడు. అదీకాక బీరు ఒకటితో ఆపినవాణ్ని నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

బీరుకి ఒక మంచి గుణం లేకపోలేదు. కడుపు నిండుతుంది కాబట్టి ఒక్కటే తాగే మనిషికి అది నెమ్మదిగా సాగుతుంది. మీరు నిజంగా ఒకటితో ఆగేవాళ్లయితే, లైట్ బీరు ఒకటి తీసుకోవడం, క్వార్టర్ మొత్తం లాగించడం కంటే నయమే.

కల్లు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దాని మీద మన జిల్లాలో ఉన్నంత గౌరవం మరి దేని మీదా లేదు. చెట్టు ఇచ్చింది, మందూ మాకూ ఏదీ కలపలేదు, ఒంటికి మంచిది అంటారు. తాటికల్లు, ఈతకల్లు, మన్యం వైపు వెళ్తే జీలుగుకల్లు, మూడింటి కథా ఒక్కటే. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి రసం, పదీ పన్నెండు శాతం చక్కెర. లొట్టిలో పడగానే గాలిలోనూ లొట్టి గోడల్లోనూ ఉన్న ఈస్టు పని మొదలుపెడుతుంది. తెల్లారగట్ల దించిన కల్లు తియ్యగా, నురగగా ఉండి, మధ్యాహ్నానికి పుల్లబడి తలకెక్కుతుంది. తీపి పోయింది కదా, ఇక ఒళ్లు రాదు అనుకుంటారు చాలామంది. తీపి ఎక్కడికీ పోలేదు, ఆల్కహాల్‌గా మారింది. ఆ మార్పులో కేలరీలు తగ్గేది కొద్దిగానే. లీటరుకి 400 అటూ ఇటూ వేసుకోవచ్చు. అంటే లీటరు కల్లు దాదాపు ఒక క్వార్టర్ బ్రాందీతో సమానం. తాటాకు దొన్నెలో ఎవరూ లీటర్ల లెక్కన కొలుచుకోరు, చిక్కంతా అక్కడే. చెట్టు కింద కూర్చున్నవాడు రెండు లీటర్లు తాగి కూడా "ఏదో కొంచెం" అంటాడు.

పులవని నీరా గురించి కూడా అడుగుతారు. అందులో మత్తు లేదు, చక్కెర ఉంది. గ్లాసుకి నూరు కేలరీల పైనే. బరువు తగ్గే మనిషి దాన్ని మంచినీళ్లలా తాగకూడదు. తెలిసిన గీత కార్మికుడు మీ కళ్లముందు దించినది కాకపోతే కల్లు జోలికే వెళ్లొద్దు. దుకాణంలో ఏం కలిపారో రుచిని బట్టి చెప్పలేం.

వైన్ మన సిట్టింగుల్లో అరుదు. 150 ఎం.ఎల్. గ్లాసుకి 120 కేలరీలు, తీపి వైనైతే ఇంకాస్త. నాటుసారానీ ఇప్పసారానీ ఈ పోలికలో చేర్చడం లేదు. వాటిలో ఎంత శాతం ఉందో కాచినవాడికే తెలియదు, మిథైల్ ఆల్కహాల్ కలిస్తే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది.

అరసవల్లి క్యూ

కేలరీలొక్కటే అయితే ఇంత చెప్పక్కర్లేదు, ఆ రాత్రికి ఒక ముద్ద తగ్గించుకుంటే సరిపోయేది. అసలు ఇబ్బంది లివర్ దగ్గరుంది. రథసప్తమి రోజు అరసవల్లిలో క్యూలో నిలబడినవాళ్లకి తెలుసు, వి.ఐ.పి. వస్తే మామూలు లైను ఆగిపోతుంది. ఒంట్లో ఆల్కహాల్ ఆ వి.ఐ.పి. అది దాచుకునే సరుకు కాదు, ముందు బయటికి పంపాలి. కాబట్టి లివర్ మిగతా పనులు ఆపి దాన్ని ఎసిటేట్ అనే పదార్థంగా మార్చే పనిలో పడుతుంది. ఒళ్లు ఆ ఎసిటేట్‌ని కాల్చుకుంటుంది. అంతసేపూ కొవ్వు లైన్లో నిలబడే ఉంటుంది. వి.ఐ.పి. వెంట వచ్చిన పకోడీ నూనె మాత్రం నేరుగా నిల్వకి వెళ్తుంది, పొట్ట దగ్గరికి.

లివర్ గంటకి 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్ మాత్రమే తేల్చగలదు. క్వార్టర్‌లో 60 గ్రాములు. రాత్రి తొమ్మిదికి ముగిస్తే తెల్లారేదాకా ఆ పనే. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, కాఫీ ఏవీ ఆ వేగాన్ని పెంచవు.

నిద్ర కూడా దెబ్బతింటుంది. మందు పడగానే గుర్రు మొదలవుతుంది, కానీ రెండు, మూడింటికి మెలకువ వస్తుంది, ఆ తర్వాతది కోడినిద్ర. నిద్ర చాలని మర్నాడు ఆకలి ఎక్కువ, నడకకి బద్ధకం. పొద్దున్నే మెషీన్ ఎక్కితే అరకిలో, కిలో తగ్గినట్టు చూపించొచ్చు. సంబరపడకండి, అది మూత్రంలో పోయిన నీరు. బరువు కంటే టేపు నమ్మకమైనది. బొడ్డు మీదుగా మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మనవాళ్ల ఒళ్లకి అది హెచ్చరిక గీత.

పళ్లెంలో ఏముంది

ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. మా బ్యాచ్‌లో పొట్టలు పెంచింది సీసా కంటే స్టఫ్, అంటే మందులోకి నంజుకునే తిండి. రెండేళ్ల కిందటి నా ఒక ఆదివారం సాయంత్రం లెక్క చూడండి. క్వార్టర్ బ్రాందీ, 425. చిన్న కోలా, 105. పలాస నుంచి ఎవరో తెచ్చిన జీడిపప్పు, నేతిలో వేయించి ఉప్పూకారం చల్లింది, ఓ రెండు గుప్పిళ్లు. గుప్పెడంటే 25 గ్రాములు, రెండు గుప్పిళ్లకి 280 పైనే. అంటే రెండు లార్జ్‌లు. చికెన్ పకోడి ప్లేటు తక్కువలో తక్కువ 400. పదిన్నరకి ఎవరో ఒకరు "బిర్యానీ సెప్పేద్దుమా" అంటారు, అరప్లేటుకి 600. మొత్తం 1,800 దాటింది. రోజూ తినే రాత్రి భోజనం 500 తీసేసినా 1,300 అదనం.

వారంలో ఆరు రోజులు అన్నం తగ్గించి, నడిచి, రోజుకి 400 చొప్పున 2,400 మిగిల్చుకున్నాననుకోండి. సగానికి పైగా ఆ ఒక్క సాయంత్రమే తిరిగొచ్చేసింది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు మిగలాలి. మా బావ ఆర్నెల్ల రహస్యం ఇదే.

మందు పడితే ఆకలి పెరగడం, చెయ్యి అదుపు తప్పడం రెండూ నిజమే. కాబట్టి చెయ్యి అదుపులో ఉన్నప్పుడే, అంటే సీసా మూత తీయకముందే, పళ్లెం సర్దాలి. ఉడకబెట్టిన గుడ్డు ఒక్కటి 80 కేలరీల లోపు, రెండు తింటే కడుపు నిలుస్తుంది. నానబెట్టి ఉడికించిన శనగల్లో ఉల్లిపాయ, నిమ్మరసం. కీరా, ముల్లంగి ముక్కలు. చేపైతే పెనం మీద చెంచా నూనెతో కాల్చినది, లేదా చేపల పులుసులో ముక్కలు గిన్నెలో వేసుకుని. ఎండురొయ్యల వేపుడు రుచే కానీ ఉప్పు దాహాన్ని పెంచుతుంది, దాహానికి మనవాళ్లు నీళ్లు తాగరు కదా. ముందే ఇంట్లో చోడి (రాగి) అంబలో మజ్జిగన్నమో కొంచెం తిని బయల్దేరితే ఇంకా మంచిది. ఖాళీ కడుపుతో కూర్చున్నవాడే పకోడీ మీద మొదట పడతాడు.

నాలుగు దారులు

మానేయకుండా బరువు తగ్గాలనుకునేవాళ్లు సాధారణంగా నాలుగు దారులు ఆలోచిస్తారు. రెండు పనికిరావు.

మొదటిది, సాయంత్రం పార్టీ ఉందని మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టడం. కాగితం మీద లెక్క సరిపోతుంది. ఒంట్లో సరిపోదు. ఖాళీ కడుపులో మందు త్వరగా ఎక్కుతుంది, ఆ తర్వాత బిర్యానీ అరప్లేటు కాదు, ఫుల్లే. సుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులిన్నో వాడేవాళ్లకి ఇది ప్రమాదం కూడా. లివర్ ఆల్కహాల్ పనిలో ఉన్నప్పుడు రక్తంలోకి గ్లూకోజ్ సరిగా వదలదు, సుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు పట్టి తూలుతుంటే పక్కవాళ్లు "ఎక్కింది" అనుకుని పడుకోబెడతారు.

రెండోది, తాగినదాన్ని నడిచి కరిగించడం. ఎనభై కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 60 కేలరీలు. ఒక్క క్వార్టర్‌కే ఏడు కిలోమీటర్లు. నా ఆదివారం అదనం 1,300 కరగాలంటే ఇరవై పైచిలుకు. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస స్టేషన్‌కి నడిచి వెళ్లి, రైలెక్కకుండా మళ్లీ నడిచి రావాలి. నడక మంచిదే, గుండెకి, సుగర్‌కి, నిద్రకి. మందుకి విరుగుడుగా మాత్రం పెట్టుకోకండి.

మూడోది, కొలత తగ్గించడం. ఇది పని చేస్తుంది, కానీ "తగ్గిస్తాను" అంటే తగ్గదు. ఒక అంకె, ఒక రోజు ఉండాలి. నాది నెలకి రెండు ఆదివారాలు, ఒక లార్జ్, సోడాతో, రెండు గుడ్లు. మొత్తం 300. ఇంట్లో కొలత గ్లాసు పెట్టుకున్నాను, ఎందుకంటే స్నేహితుడు పోసే లార్జ్ 60 ఎం.ఎల్. ఉండదు. అది ప్రేమను బట్టి 80, 90 ఉంటుంది. క్వార్టర్ కొనడం మానేసి 90 ఎం.ఎల్. సీసా కొనడం కూడా చాలామందికి కుదిరిన ఉపాయం. సీసాలో మిగిలితే తాగకుండా ఉండటం మనవల్ల కాదని ఒప్పుకోవడం అది.

నాలుగోది, కొన్నాళ్లు పూర్తిగా ఆపడం. నన్నడిగితే మొదటి ఓటు దీనికే. దీనికి కొత్త డైట్ ప్లాన్ అక్కర్లేదు, మన ఊళ్లలో ఎప్పట్నుంచో ఉంది. అయ్యప్ప మాల వేసినవాణ్ని చూడండి. 41 రోజులు మందు లేదు, మాంసం లేదు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, రోజుకి ఒకటే పూర్తి భోజనం. మాల తీసేసరికి చొక్కా వదులవుతుంది. అతని ముఖంలో ఉబ్బు పోతుంది, నిద్ర బాగుపడుతుంది. మందు వల్ల లివర్‌లో చేరిన కొవ్వు తొలిదశలో ఉంటే కొన్ని వారాల విరామంలోనే తగ్గడం మొదలవుతుంది. దేవుడి మీద భక్తి లేనివాళ్లు క్యాలెండర్ మీద గీత గీసుకుని చేసినా ఒళ్లు తేడా చూడదు. స్నేహితులు మాత్రం చూస్తారు. మాలలో ఉన్నవాణ్ని ఎవరూ "ఒక్క పెగ్గే కదా" అని బలవంతం చెయ్యరు, డైట్‌లో ఉన్నవాణ్ని చేస్తారు. మాలకున్న అసలు బలం అదే అనిపిస్తుంది.

అలాగని మాల వేసిన అందరూ తగ్గరు. రోజూ ఎవరింట్లోనో పడిపూజ, పులిహోర, చక్కెర పొంగలి, అప్పాలు. మందు మానేసి రెండు కిలోలు పెరిగిన స్వాములు నాకు తెలుసు. ఇంకొందరు మాల తీసిన రాత్రే 41 రోజుల బాకీ వడ్డీతో సహా తీర్చేస్తారు.

వీళ్లకి ఈ పోలికే వర్తించదు

రోజూ క్వార్టర్‌కి తగ్గకుండా తాగుతూ, పొద్దున్నే చేతులు వణికేవాళ్లు ఇది చదివి రేపట్నుంచి టక్కున మానేయొద్దు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. డాక్టర్ దగ్గర మందులతో ఆపాలి. ఎవరికి చెప్పుకోవాలో తెలియకపోతే 14446 నంబరుకి ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు.

ఉద్దానం వైపువాళ్లకి ఇంకో మాట. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తిన్నదో చెప్పక్కర్లేదు. బీరు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయని, రాళ్లు పోతాయని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. బీరు నీళ్లని బయటికి తోస్తుంది, కొబ్బరితోటలో ఎండలో పని చేసినవాడికి అసలే నీరు తక్కువ. మర్నాడు తలనొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మింగితే కిడ్నీకి మరో దెబ్బ. తాగిన రాత్రి పారాసిటమాల్ ఎడాపెడా వేసుకోవడం లివర్‌కి మంచిది కాదు. బరువు తగ్గిస్తామని ఎవరో అమ్మే ప్రొటీన్ పొడులు కూడా ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నాకే.

గర్భిణులు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు బాగా ఎక్కువున్నవాళ్లు, లివర్ పరీక్షల్లో తేడా వచ్చినవాళ్లు, టీబీ మందులు వాడేవాళ్లు ఏ దారీ వెతుక్కోకూడదు, ఆపేయడమే. ఆరోగ్యానికి ఇంత వరకూ పరవాలేదు అనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే చెప్పింది. నా నెలకి రెండు లార్జ్‌లు కూడా ఆరోగ్యం కోసం కాదు, ఆ విషయంలో నాకు భ్రమ లేదు.

ఇదంతా మూడు రోజుల నడకలో విడతలవారీగా బావకి చెప్పాను. జీడిపప్పు దగ్గర ముఖం మాడ్చుకున్నాడు, కల్లు దగ్గర వాదించాడు, చివరికి ఈ కార్తీకంలో మాల వేస్తానన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"మాల తీసిన్రోజు సంగతేటి?"

"ఒక లార్జ్, రెండు గుడ్లు."

"నాలుగు గుడ్లు."

మూడు దగ్గర కుదిరింది.